నాకు వినిపించని కీచు

పోయిన ఏడాది వేసవి సెలవులు ముగిసి బళ్లు తెరిచిన రెండో వారంలో మా ఆవిడ నా కారు ఎక్కడం మానేసింది. పోట్లాట ఏమీ జరగలేదు. పొద్దున్నే ఎప్పటిలాగే నాకు ఉప్మా పెట్టి, కాఫీ ఇచ్చి, "ఇవాళ్టి నుంచి ఆటోలో వెళ్తానండి, లెక్కల టీచరు కూడా వస్తానంది" అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. నేను కారు తాళాలు చేత్తో పట్టుకుని వరండాలో నిలబడిపోయాను.

కారణం నాకు తెలుసు. ముందు రోజు కారులో నేనన్న ఒక మాట. ఆ మాట అన్నందుకు ఎన్ని రోజులు ఖాళీ సీటు పక్కన కూర్చుని బండి నడిపానో, ఆవిడ మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడానికి ఏం ఒప్పుకోవాల్సి వచ్చిందో రాస్తున్నాను.

నేను మండపేటలో ఒక రైసు మిల్లులో ముప్పై మూడేళ్లు యంత్రాలు చూశాను. చదువు పెద్దగా లేదు. నా చెవే నా చదువని అందరితో చెప్పుకునేవాడిని. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనని తిరుగుతున్న బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల ఏ గుండు అరిగిందో తెలిసేది. పక్క మిల్లుల వాళ్లు కూడా కబురు పంపేవారు. ఆ చప్పుడులో చెవుల్లో దూది పెట్టుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు. ఒకతను కొత్తగా చేరినప్పుడు పెట్టుకొచ్చాడు. "అత్తరు దూది పెట్టుకున్నాడు, పెళ్లికొడుకు వచ్చాడు" అని వారం రోజులు ఏడిపించాం. అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. తొమ్మిదో రోజున అతను దూది తీసేశాడు.

మిల్లు పని మానేశాక పాత కారు ఒకటి కొన్నాం. చిన్నది, ఏసీ గాలికి వడపోత కూడా లేని పాతకాలపు బండి. కొన్నది మా ఆవిడ కోసం. ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరు. బదిలీ అయి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు మీదుగా వెళ్లే ఊళ్లో పడింది. తొమ్మిదికల్లా బళ్లో ఉండి ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. రెండు బస్సులు మారి ఆ వేళకి చేరడం కష్టం. నేనే దింపుతాను, నేనే తెస్తాను అన్నాను.

నిజం చెప్పాలంటే, పెళ్లయిన ముప్పై ఏళ్లలో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చున్నది ఆ కారులోనే. మిల్లు రోజుల్లో నేను ఇంటికొస్తే స్నానం, అన్నం, నిద్ర. ఇప్పుడు పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. ధాన్యం లారీల దుమ్ముకి అద్దాలు ఎత్తి ఏసీ వేసుకునేవాళ్లం. ఆవిడ మాట్లాడుతూ ఉండేది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల పటంలో గోదావరిని ఎర్ర సిరాతో గీసిందని, హెడ్మాస్టారు కొత్త చెప్పులు చూసుకుంటూ ప్రార్థన మర్చిపోయారని. ఆవిడ ఎడమవైపు అద్దంలోంచి పొలాలు చూస్తూ చెప్పేది. నేను రోడ్డు చూస్తూ ఊ అనేవాడిని. ఆ ఊ సరిపోతుందనే అనుకున్నాను.

చలికాలం పోతూ ఉండగా మొదటిసారి ఏసీ వేసిన రోజున ఇంజన్లోంచి గట్టిగా కీచుమని వచ్చింది. అప్పుడు నాకూ వినిపించింది. బానెట్ ఎత్తి చూస్తే, కంప్రెసర్‌ని తిప్పే బెల్టు జారుతున్నట్టు తోచింది. బెల్టు జారితే మిల్లులో మేం చేసే పని ఒకటే. పెద్ద తోలు పట్టాల మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లం, అది కరిగి పట్టు దొరికేది. ఇంట్లో సాంబ్రాణితో పాటు గుగ్గిలం ఉంటే కాస్త నూరి ఆ కారు బెల్టు లోపలి వైపు పూశాను. చప్పుడు ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆవిడతో ఎంత గొప్పలు పోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మెకానిక్కులు బండి మొత్తం విప్పుతారనీ, అనుభవం ఉన్నవాడికి చిటికెడు పొడి చాలనీ అన్నాను.

వేసవిలో వచ్చే దాళ్వా పంట కోతలు మొదలయ్యాయి. మిల్లుల చుట్టూ గాలి నిండా ఊక. ఆవిడ ఒక రోజు అంది: ఏసీ వేసినప్పుడు ఏదో సన్నగా కీచుమంటోందని, సుద్దముక్క అడ్డంగా పట్టుకుని బోర్డు మీద లాగితే వచ్చే చప్పుడులా ఉందని. నేను ఏసీ ఆపి విన్నాను, వేసి విన్నాను. నాకేమీ వినిపించలేదు. రెండు రోజులకి మళ్ళీ అంది. తలనొప్పి వస్తోందని, బళ్లో నాలుగో పీరియడ్ వరకూ ఆ చప్పుడు తలలోనే తిరుగుతోందని అంది. సెలవుల్లో ఆ మాట మరుగున పడింది. బళ్లు తెరిచాక మొదటి రోజే మళ్ళీ ఎత్తింది. ఇంత చెవి పెట్టుకుని నాకు వినపడనిది నీకెలా వినపడుతుందని అడిగాను.

ఆవిడ మాట కాదనలేక ఒక మధ్యాహ్నం నేనొక్కడినే ఏసీ పనివాడి దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుంటాయి అతనికి. పని తెలిసినవాడు. అతని షెడ్డు పక్కనే లారీలకి బాడీలు కట్టే చోటు, ఎప్పుడూ సుత్తుల మోత. బానెట్ ఎత్తి చెవి పెట్టి, ఈ సుత్తుల్లో సన్నటి చప్పుడు పట్టుబడదని, నన్ను లోపల అద్దాలెత్తుకుని కూర్చుని వస్తోందో ఆగిందో చెప్పమన్నాడు. తర్వాత కంప్రెసర్‌కి వెళ్లే వైరు పీకాడు. వైరు పీకితే కంప్రెసర్ పని చెయ్యదు. అప్పుడు చప్పుడు ఆగితే తప్పు ఆ వైపున ఉన్నట్టు, ఆగకపోతే ఇంకెక్కడో ఉన్నట్టు.

"ఇంకా వస్తోందాండి?" అని అద్దం తట్టి అడిగాడు.

నాకు ముందూ ఏమీ వినిపించలేదు, తర్వాతా వినిపించలేదు. ఆ సంగతి చెప్పొచ్చు. కానీ మిల్లు పని చేసినవాడినని అతనికి ముందే చెప్పుకున్నాను. చెవి గురించి కూడా చెప్పుకున్నాను.

"వస్తోంది," అన్నాను. "ఏం తగ్గలేదు."

అతను నా మాట నమ్మాడు. అయితే కంప్రెసర్ కాదు, లోపల గాలి విసిరే బ్లోయరే అయ్యుంటుందని, ఎడమ సీటు ముందున్న అర విప్పి, మోటారు బయటికి తీసి శుభ్రం చేశాడు. దాంట్లోంచి గుప్పెడు ఊక, నాలుగు ఎండాకులు వచ్చాయి. ఆ గుప్పెడు చూసి నేనూ నమ్మేశాను. నా అబద్ధం నేనే నమ్మినట్టు.

మర్నాడు ఆవిడని ఎక్కించుకుని, బాగు చేయించానని చెప్పాను. వెనక సీట్లో లెక్కల టీచరు కూడా ఉంది. కాలవ వంతెన దాటగానే ఆవిడ నెమ్మదిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు, "ఇంకా ఉందండి" అంది.

"అది కారులో లేదు. నీ చెవిలో ఉంది. ముందు వెళ్లి డాక్టరుకి చూపించుకో," అన్నాను. మామూలుగా కాదు, మిల్లులో మాట్లాడినట్టు అరిచాను. వెనక సీట్లో ఉన్నావిడ ఫోనులోకి తల వంచేసుకుంది. మా ఆవిడ ఒళ్లో ఉన్న సంచీ జిప్పు లాగి, మళ్ళీ వేసి, బడి వచ్చేదాకా అద్దంలోంచి బయటికే చూసింది.

మర్నాటి నుంచి ఆటో.

మొదటి రోజు పంతం మీద ఉన్నాను. రెండో రోజు వాకిట్లో కారు కడిగాను. మూడో రోజు ఏం తోచక ఆటో వెనకే బండి వేసుకుని వంతెన దాకా వెళ్లాను. ఆటో ఆపి లెక్కల టీచరు తల బయటికి పెట్టింది. "బాబాయ్ గారూ, మంత్రిగారి వెనక ఎస్కార్టులా మా వెనక వస్తున్నారేంటండి? ఎక్కించుకుంటే మేమూ ఏసీలో వెళ్తాం కదా," అంది. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ ఆమె మోచెయ్యి లాగింది. కానీ దిగలేదు. నేను వెనక్కి తిరిగొచ్చాను. దారిలో ఏసీ వేసి, రేడియో ఆపేసి, ఊపిరి బిగబట్టి విన్నాను. మెత్తటి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మీద మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. వచ్చినా పక్కకి తోసేశాను.

ఆ ఆదివారం ఆవిడ పొద్దున్నే నేత చీర కట్టుకుని, బత్తాయిలు సంచిలో సర్దుతోంది. ఎక్కడికని అడిగాను. పెద్దాపురం, అక్క దగ్గరికి, బస్సులో వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానంది. నాతో చెప్పనేలేదేమని అడిగాను.

ఆవిడ సంచి కింద పెట్టింది. "మూడు సార్లు చెప్పానండి. కారులో. అక్కకి మోకాలి ఆపరేషన్ అని ఒకసారి చెప్పాను. అయిందని ఒకసారి చెప్పాను. జాతర రోజులు, జనం ఎక్కువ, కారులో తీసుకెళ్తారా అని అడిగాను. మూడు సార్లూ మీరు ఊ అన్నారు."

నాకు ఒక్క మాటా గుర్తులేదు. మర్చిపోవడం కాదు. మర్చిపోయింది ఎవరైనా గుర్తు చేస్తే కొంచెమైనా కదులుతుంది. ఇది అసలు నా దాకా రాలేదు.

నేను విని కూడా విననట్టు ఊ అన్నానని ఆవిడ అనుకుంది. అలా అనుకోవడానికి కారణం ఉంది. ఆరేళ్ల క్రితం ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, నా తోడల్లుడు, అంటే ఆ అక్కగారి భర్త, పప్పు వడ్డిస్తున్న కుర్రాడితో, "ఆయనకి అరిచి చెప్పవయ్యా, మిల్లు చెవులు" అన్నాడు. బంతి మొత్తం నవ్వింది. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆనాటి నుంచి వాళ్లింటి గడప తొక్కలేదు. ఆ ఊరి పేరు ఎత్తితే నేను వినపడనట్టు కూర్చుంటానని మా ఆవిడ ఆరేళ్లుగా అలవాటు పడిపోయింది. ఈ మూడు సార్లూ కూడా అదే అనుకుంది. ఆపరేషన్ అయిన అక్కని చూడ్డానికి కూడా ఈయన మనసు కరగలేదని అనుకుంది. అనుకుని, నన్ను నిలదీయకుండా బత్తాయిలు కొనుక్కుని బస్సుకి బయల్దేరింది.

నేను చెప్పులు వేసుకుని కారు తీశాను. "నేను తీసుకెళ్తాను. దారిలో ఆ ఏసీ అబ్బాయి దగ్గర ఆగుదాం. ఆ చప్పుడేంటో నువ్వే చెబుదువుగాని," అన్నాను. ఆవిడ కొంచెంసేపు నన్ను చూసింది. వచ్చింది. వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. అద్దంలో చూస్తే ముఖం కనిపించలేదు, ఒళ్లో పెట్టుకున్న బత్తాయిల సంచి మాత్రం కనిపించింది.

ఆదివారం కాబట్టి లారీ షెడ్డులో సుత్తులు లేవు. పనివాడు బానెట్ ఎత్తాడు. మా ఆవిడ బండి పక్కన నిలబడింది. ఏసీ వేయమన్నాడు, వేశాను. ఆవిడ వెంటనే, "ఇదిగో" అంది. అతను కూడా తలూపాడు. కంప్రెసర్ వైరు పీకాడు. "ఆగిందండి," అంది. పెట్టాడు. "వచ్చింది." అతను తల గోక్కున్నాడు.

"మొన్న గురువుగారు వైరు పీకినా తగ్గలేదన్నారు కదండీ. అందుకే కదా నేను బ్లోయరు విప్పింది," అన్నాడు.

"మొన్న ఆయన తొందరలో ఉన్నారు లెండి," అంది మా ఆవిడ.

వెనక సీట్లో కూర్చుని వచ్చిన మనిషి నన్ను కాపాడుతోంది. స్టీరింగు మీద నా చేతులు ఉన్నాయి. అక్కడే చెప్పాల్సింది. అప్పుడు కూడా చెప్పలేదు.

అతను సీసాతో నాలుగు చుక్కల నీళ్లు తిరుగుతున్న బెల్టు మీద పోశాడు. ఆగిందని, మళ్ళీ మొదలైందని ఆవిడ చెప్పింది. నీళ్లకి ఆగిందంటే బెల్టేనని, ఇంజను ఆపించి బెల్టు ఊడదీశాడు. లోపలి వైపు నల్లగా, గాజులా మెరుస్తోంది. గాడుల నిండా ఊకపొడి అతుక్కుని గట్టిపడి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు.

"దీనికి ఏం పూశారండి?"

పాత ఓనరు పూసి ఉంటాడన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆవిడ నా వైపు చూడట్లేదు, ఎదురుగా ఉన్న టైర్ల దొంతర చూస్తోంది. నేను ఏం చెబుతానో వినాలని లేనట్టు.

"నేనే," అన్నాను. "గుగ్గిలం."

అతను నవ్వాడు. "ఏసీకి దిష్టి తగిలిందని ధూపం వేశారాండి? ఇది మిల్లు పట్టా కాదు గురువుగారూ. రబ్బరు. ఆ జిగురుకి దుమ్మంతా పట్టుకుని బెల్టు పాడైంది, అది లాగి లాగి పక్కనున్న చిన్న పుల్లీ బేరింగు కూడా పోయింది. చూడండి," అని ఆ పుల్లీ విప్పి నా చేతిలో పెట్టాడు. వేలితో తిప్పాను. లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడింది. మిల్లులో అయితే ఇలాంటి బేరింగుని నేను ఒక్క పూట కూడా ఉండనిచ్చేవాడిని కాదు. దీని పక్కనే కోతలప్పటి నుంచీ ఆవిడని కూర్చోబెట్టి, నీ చెవిలో ఉంది పొమ్మన్నాను.

పుల్లీ అతని చేతికి ఇస్తూ చెప్పేశాను. "మొన్న నేను అబద్ధం చెప్పానండి. చప్పుడు వస్తోందని అన్నాను గాని, నాకు వినపడలేదు. ఇప్పుడు మీరిద్దరూ విన్నది కూడా నాకు వినపడలేదు."

అతనికి చెప్పాను గాని, చెప్పింది ఆవిడకి. అతను పెద్దగా పట్టించుకోలేదు. "మా నాన్నకీ అంతేనండి, లారీ ఇంజన్ల పని. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. మొన్నే చెప్పుంటే నాకు బ్లోయరు విప్పే పని తప్పేది కదండీ," అని, కొత్త బెల్టూ పుల్లీ తేవడానికి మోటారు సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు.

షెడ్డు ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఆవిడ ఒకటి లాక్కుని నా కుర్చీ పక్కన వేసుకుంది. ఇలా వినపడక ఎన్నాళ్లయిందని అడిగింది. తెలియదన్నాను. తనకి అనుమానం ఉండేదని అంది. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో నేను చెప్పలేకపోవడం, ఫోనులో ఆడవాళ్ల గొంతైతే తనకిచ్చెయ్యడం, అన్నీ చూసిందట. "కానీ మా అక్క సంగతి మాత్రం వినపడీ విననట్టున్నారనుకున్నానండి," అంది.

కాదని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఎందుకంటే అది పూర్తిగా తప్పు కాదు. ఆ మూడు సార్లు నాకు వినపడలేదు, నిజం. వినపడి ఉంటే తీసుకెళ్లేవాడినా? ఏమో. చూద్దాంలే అని ఉండేవాడిని. ఇన్నేళ్లలో ఆవిడకి నేను అన్న ఊలలో వినపడక అన్నవి ఎన్నో, విని కూడా లెక్కచెయ్యక అన్నవి ఎన్నో విడదీయమంటే నావల్ల కాదు. ఆ మాటే ఆవిడతో చెప్పాను. వినపడి ఉన్నా వచ్చేవాడిని కాదేమోనని చెప్పాను. ఆవిడ సంచిలోంచి ఒక బత్తాయి తీసి వలిచి, సగం నా చేతిలో పెట్టింది.

"అక్కకి అయిదే మిగిలాయి," అంది.

కొత్త బెల్టు వేశాక అతను ఏసీ వేయించి, నన్ను కాదు, ఆవిడని అడిగాడు. ఆవిడ కళ్లు మూసుకుని విని, పోయిందంది. నేను నమ్మాను. ఆవిడ ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. అనపర్తి దాటాక నేను, ఆ మూడు సార్లూ ఏం చెప్పిందో మొదటి నుంచీ మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. అక్కగారి మోకాలు ఎప్పుడు పట్టేసిందో, ఏ ఆస్పత్రిలో చూపించారో, ఆపరేషన్ గదిలోకి వెళ్లే ముందు చెల్లెల్ని ఒక్కసారి చూడాలని ఎలా అందో. ఆ చివరి మాట దగ్గర నేను అద్దాలు కాస్త దించాను. ఏసీ చల్లదనం సరిపోక కాదు.

పెద్దాపురంలో మంచం మీద ఉన్నావిడ నన్ను చూసి ముందు కొంగు సర్దుకుంది, తర్వాత ఏడ్చింది. తోడల్లుడు కుర్చీ వేశాడు. పాత సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్కచెల్లెళ్లు లోపల మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్ల మాటలు నాకు అందలేదు. ఇద్దరి గొంతులూ కలిసిపోయి ఏదో నీళ్లు పారుతున్నట్టు ఉంది. లేచి వెళ్దామని మాత్రం నేను అనలేదు.

సోమవారం లెక్కల టీచరు ఆటో మా వీధి మలుపులో ఆగింది. మా ఆవిడ వెళ్లి ఆమెతో ఏదో చెప్పింది. ఇద్దరూ వచ్చి కారు ఎక్కారు. నేను ఆ టీచరుగారి ముందే, ఆ రోజు ఆమె ఎదుట అన్న మాట తప్పని, పాడైంది నా చెవేనని చెప్పాను. ఆమె ఇబ్బంది పడి, "అయ్యో, పర్వాలేదులెండి బాబాయ్ గారూ" అంది. మా ఆవిడ ఈసారి సంచీ జిప్పు పట్టుకోలేదు.

రాజమండ్రిలో చెవులు పరీక్ష చేయించుకున్నాను. మిషను పెట్టారు. అది ఇంట్లో బాగానే పనిచేస్తుంది గాని, బండి నడుస్తుంటే ఇంజను మోతే ఎక్కువ వినిపిస్తుంది. అందుకని మా ఆవిడ ఇప్పుడు సీట్లో కొంచెం నా వైపుకి తిరిగి కూర్చుంటుంది. సీటు బెల్టు మెడకి ఒరుసుకుంటోందని అంటుంది, అయినా అలాగే కూర్చుంటుంది. మాట అందనప్పుడు ఊ అనను. పెదవులు చూద్దామని తల తిప్పితే రోడ్డు చూడమని కోప్పడుతుంది. అలాంటప్పుడు కాలవ గట్టు మీద చోటు చూసుకుని బండి పక్కకి ఆపుతాను. ఆవిడ మొదటి నుంచీ చెబుతుంది. తొమ్మిదికి హాజరు తప్పకూడదు కాబట్టి, ఇప్పుడు ఇంటి దగ్గర పది నిమిషాలు ముందే బయల్దేరుతున్నాం.